పికప్ టైర్లలో గాలి: ఎప్పుడూ ఒకటే లెక్కా, లోడును బట్టి లెక్కా? ఏది మేలు?

నల్గొండ, మిర్యాలగూడ దారుల్లో ఏ పంక్చర్ షాపు ముందు బొలెరో ట్రాలీ ఆగినా మాటలు ఇట్లాగే ఉంటాయి. "వెనకాల ఎంత పెట్టాలె అన్నా?" "లోడుకు పోతున్న, గట్టిగ కొట్టు తమ్మీ." నాలుగు టైర్లకూ పైపు పెట్టడం, తీయడం అయిపోతుంది. బండి కదులుతుంది. నంబరు అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లూ లేరు. కొత్త టైర్ల జత వేయించాలంటే ఎంతవుతుందో పికప్ మీద బతికే ప్రతి ఇంటికీ తెలుసు. అయినా ఆ టైర్ల ఆయుష్షునూ, డ్రైవర్ ప్రాణాన్నీ కాపాడే ఈ ఒక్క విషయాన్ని అలవాటుకు వదిలేస్తున్నాం.

మన దగ్గర మూడు పద్ధతులు నడుస్తున్నాయి. లోడున్నా లేకున్నా ఎప్పుడూ గట్టిగా ఉంచేవాళ్లు కొందరు. కుదుపులు తగ్గాలనో, ఎండకు టైరు పేలుతుందన్న భయంతోనో తక్కువ పెట్టించేవాళ్లు కొందరు. ఖాళీకి ఒక నంబరు, లోడుకు ఒక నంబరు అని రెండు లెక్కలు పెట్టుకున్నవాళ్లు చాలా తక్కువ.

ఏది మేలో తేల్చేముందు అసలు నంబరు ఎక్కడుంటుందో చూడాలి. డ్రైవర్ వైపు డోరు తెరిస్తే పిల్లర్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. అది చిరిగిపోయి ఉంటే బండితో ఇచ్చిన పుస్తకంలో చూడొచ్చు. ముందు టైర్లకు వేరు, వెనక టైర్లకు వేరు, చాలా బండ్లకు ఖాళీకి, ఫుల్ లోడుకు కూడా వేరు. ఆ నంబర్లన్నీ చల్లటి టైరుకు చెప్పినవి. అంటే బండి కనీసం 3 గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడవకుండా ఉండాలి. మనకు తెల్లవారుజాము మంచి సమయం, ఇంటి ముందే చూసుకోవచ్చు.

టైరు పక్కన అచ్చుపోసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అంకెను చూసి అదే పట్టించేవాళ్లున్నారు. అది బండికి చెప్పిన లెక్క కాదు. ఆ టైరు తన గరిష్ఠ బరువును మోయాలంటే ఎంత గాలి ఉండాలో చెప్పే అంకె. ఒకే సైజు టైరు నాలుగు రకాల బండ్లకు ఎక్కుతుంది, అన్నిటి బరువూ ఒకటి కాదు కదా. అదే టైరు మీద ఉండే లోడ్ ఇండెక్స్ మాత్రం తప్పక చూడాల్సింది. 104 అని ఉంటే ఒక్కో టైరు 900 కిలోలు, 106 అయితే 950, 108 అయితే 1,000 కిలోలు మోస్తుంది. వెనక రెండు టైర్లూ 104 అయితే మొత్తం 1,800 కిలోలు. బండి వెనక భాగం సొంత బరువు కూడా అందులోనే కలుస్తుందని చాలామంది మర్చిపోతారు. పాత టైరు తీసి అదే సైజులో చవకగా దొరికిందని కారు టైరు వేయిస్తే స్టిక్కర్ మీద నంబరు ఇక పనికిరాదు. ఆ టైరుకు ఆ బరువు మోసే కట్టుబడే ఉండదు.

ఎప్పుడూ గట్టిగా ఉంచితే

ఇందులో ఒక పెద్ద లాభం ఉంది, దాన్ని తీసిపారేయలేం. ఏ క్షణంలో లోడు ఫోన్ వచ్చినా బండి సిద్ధంగా ఉంటుంది. మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరిగే బండికి పొద్దున లోడు, మధ్యాహ్నం ఖాళీ, సాయంత్రం మళ్లీ లోడు. ప్రతిసారీ గాలి మార్చుకుంటూ కూర్చుంటే కిరాయి పోతుంది. ఫుల్ లోడు నంబరును రోజూ ఉంచుకోవడం వీళ్లకు సబబే.

నష్టం ఖాళీగా తిరిగేటప్పుడు తెలుస్తుంది. బరువు లేని వెనక టైరు బాగా గట్టిగా ఉంటే నడిమి భాగం ఒక్కటే రోడ్డును తాకుతుంది. ఆ నడుమే ముందు అరిగిపోతుంది. చెయ్యి పెట్టి టైరుకు అడ్డంగా నిమిరి చూడండి. అంచుల్లో బటన్ (టైరు మీది ఎత్తు గట్లు) వేలికి బాగా తగులుతూ, మధ్యలో నున్నగా ఉంటే గాలి ఎక్కువన్నట్టు. అంచులు రెండూ నున్నగా, మధ్యలో బటన్ నిలిచి ఉంటే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగితే గాలి సంగతి కాదు, అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో) చూపించాలి. ఇంకో ముప్పు తొలకరి రోజున ఉంది. వేసవంతా దుమ్ము, ఆయిల్ పట్టిన రోడ్డు మీద మొదటి వాన పడ్డప్పుడు గట్టి టైర్ల ఖాళీ పికప్ బ్రేక్ కొడితే వెనక భాగం పక్కకు జారుతుంది.

అయితే గట్టిగా అంటే స్టిక్కర్ మీద ఉన్న ఫుల్ లోడు నంబరు అని అర్థం. కంప్రెసర్ ఆగేదాకా కొట్టించడం కాదు. టైరు మీద అచ్చుపోసిన గరిష్ఠాన్ని దాటి గాలి పట్టించడం ఏ లోడుకూ పనికిరాదు. అంత బిగిసిన టైరు గుంత అంచో, కంకర రాయో తగిలితే వంగి సర్దుకోలేదు, లోపలి దారాలు తెగిపోతాయి.

తక్కువ ఉంచితే

దీని మీదే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో బలంగా పాతుకుపోయిన నమ్మకం ఇది. ఏప్రిల్, మే వచ్చిందంటే "ఎండలకు గాలి పెరుగుతది, నాలుగైదు తగ్గించు" అంటారు. నల్గొండలో 44, 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో ఈ మాట వినసొంపుగానే ఉంటుంది. కానీ పని చేసేది దీనికి ఉల్టాగా.

టైరు వేడెక్కడానికి ఎండ ఒక కారణం, రోడ్డు ఇంకో కారణం. అన్నిటికన్నా పెద్ద కారణం టైరు తనంతట తాను వంగడం. గాలి తక్కువున్న టైరు పక్కలు ప్రతి చుట్టుకూ మడత పడి లేస్తాయి. ఒక ఇనుప తీగను పదేపదే వంచితే మడత దగ్గర ఎట్లా కాలుతుందో, టైరు పక్కల్లోనూ అట్లాగే వేడి పుడుతుంది. బరువు ఎక్కువైతే ఇంకా మడత, వేగం ఎక్కువైతే ఇంకా మడతలు. చౌటుప్పల్ దాటాక 65వ నంబరు హైవే మీద, జడ్చర్ల నుంచి పెబ్బేరు వైపు 44వ నంబరు హైవే మీద బండి ఆగకుండా పరుగెత్తుతుంది. మధ్యాహ్నం, ఫుల్ లోడు, తక్కువ గాలి, ఆగని వేగం కలిసినప్పుడే వెనక టైరు పేలి బండి పల్టీ కొట్టేది. కాబట్టి గాలి తగ్గించినవాడు వేడిని తగ్గించడం లేదు, పెంచుతున్నాడు.

ఇక దారిలో గాలి వదలడం. చల్లగా ఉన్నప్పుడు 50 పీఎస్ఐ పెట్టిన టైరు లోపలి గాలి 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే గేజ్ 57 దాకా చూపిస్తుంది. అది సహజం. స్టిక్కర్ మీద నంబరు వేసిన కంపెనీ ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే వేసింది. నకిరేకల్ దగ్గర బంకులో ఆగి, 57 చూసి కంగారుపడి 50కి వదిలేశారనుకోండి. తెల్లారి చల్లారాక అదే టైరులో 43 దగ్గర ఉంటుంది. మళ్లీ లోడు ఎక్కుతుంది, టైరు ఇంకా ఎక్కువ వంగుతుంది, ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది, గేజ్ మళ్లీ ఎక్కువే చూపిస్తుంది. దయచేసి వేడి టైరులోంచి గాలి వదలకండి. నడుస్తున్న దారిలో చూడాల్సిందల్లా ఒకటే: ముందు టైరును వెనక టైరుతో కాదు, వెనక రెండు టైర్లనే ఒకదానితో ఒకటి పోల్చండి. ఒకటి రెండోదానికన్నా బాగా వేడిగా ఉంటే అందులో గాలి దిగుతోందని అనుమానించాలి.

చలికాలంలో దీనికి తిరుగు. వేసవి పొద్దున 30 డిగ్రీల్లో 50 పెట్టించి మర్చిపోతే డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల్లో చలికే 3 పీఎస్ఐ తగ్గి ఉంటుంది. పైగా ఏ టైరైనా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ మెల్లగా వదులుతూనే ఉంటుంది. అందుకే నెలలు గడిచినా గేజ్ చూడని బండి, ఎవరూ తగ్గించకుండానే తక్కువ గాలి బండి అయిపోతుంది.

బత్తాయి, టమాటా వేసేవాళ్లు కాయ దెబ్బ తినకూడదని, గొర్రెల లోడు తీసుకుపోయేవాళ్లు జీవాలు అదరకూడదని గాలి తగ్గిస్తారు. వాళ్ల బాధ నిజమైనదే. కానీ దానికి అడుగున వరిగడ్డి మందంగా పరచడం, గుంతల దగ్గర నెమ్మదించడం మందు. టైరును మెత్తన చేయడం కాదు.

తక్కువ గాలి నిజంగా అక్కరకొచ్చే చోటు ఒక్కటే కనిపిస్తుంది. వాన పడ్డ నల్లరేగడిలో ఖాళీ బండి దిగబడితే వెనక టైర్లలో కొంత గాలి తీస్తే అవి వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. మెల్లగా డొంక ఎక్కించి, తారురోడ్డు మీదికి రాకముందే మళ్లీ పట్టించాలి. బ్యాటరీకి తగిలించే చిన్న పంపు బండిలో లేకపోతే ఆ పని పెట్టుకోవద్దు.

లోడును బట్టి మారిస్తే

టైరుకూ బండికీ ఇదే అన్నిటికన్నా మంచిది. పని ఎక్కువ అనుకుంటాం గానీ మార్చాల్సింది వెనక రెండే. డాలాలో, అంటే సరుకు వేసే వెనక తొట్టిలో, వేసే బరువులో ఎక్కువ భాగం వెనక యాక్సిల్ మీదే పడుతుంది. ముందు టైర్ల నంబరు దాదాపు కదలదు. మీ స్టిక్కర్ మీద వెనకకు ఖాళీకి 35, ఫుల్ లోడుకు 55 ఉందనుకుందాం. సగం లోడుకు 45 దగ్గర పెట్టండి. సందేహం వస్తే నాలుగు ఎక్కువ పెట్టండి, తక్కువ మాత్రం వద్దు. ఎక్కువైతే పోయేది కొంత రబ్బరు. తక్కువైతే బండే పోవచ్చు.

లోడును కంటితో అంచనా వేయడం దగ్గరే మోసపోతాం. పత్తి వేసిన బండి కొండలా కనిపిస్తుంది, తాళ్లు కట్టి పైదాకా పేర్చినా బరువు తక్కువే. వడ్ల బస్తాలు డాలా అంచు దాటకుండానే బండిని కూర్చోబెడతాయి. 50 కిలోల బస్తాలు 30 వేస్తే 1,500 కిలోలు. కంకర, ఇటుక అయితే ఇంకా తక్కువ ఎత్తులోనే అంత బరువు. రోజూ ఒకే రకం సరుకు మోసేవాళ్లు ఒక్కసారి కాంటా పెట్టించి ఆ చీటీని డ్యాష్‌బోర్డులో ఉంచుకుంటే చాలు, తర్వాత బస్తాల లెక్క సరిపోతుంది.

కమాన్ పట్టీలు (బండి బరువును ఆపే స్ప్రింగ్ పట్టీలు) అదనంగా వేయించాం కాబట్టి ఎంతైనా మోస్తుంది అనేవాళ్లకు ఒక మాట. పట్టీలు వేస్తే బండి కిందికి కూర్చోదు, అంతే. టైరు మోసే బరువు ఒక్క కిలో కూడా పెరగదు. బండికి రాసిన బరువు దాటితే సరిచేసే గాలి నంబరు అంటూ ఏదీ ఉండదు.

పెట్టిన నంబరు సరిపోయిందో లేదో చూడటానికి బడి పిల్లల సుద్దముక్క పనికొస్తుంది. టైరుకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు మందంగా గీత గీయండి. చదునైన సిమెంటు రోడ్డు మీద నేరుగా కాస్త దూరం నడిపి దిగి చూడండి. గీత మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. అంతటా ఒకేలా చెరిగితే టైరు సమంగా ఆనుతోందన్నమాట. ఖాళీ బండికి ఇది బాగా పనిచేస్తుంది. లోడుకు మాత్రం సుద్ద చెప్పింది కదా అని స్టిక్కర్ నంబరు కన్నా కిందికి దిగకండి. టైరు సమంగా ఆనడం వేరు, బరువుకు తట్టుకోవడం వేరు.

నా మాట ఇది. రోజులో ఒక్క వైపైనా లోడు ఉండే బండి అయితే వెనక ఫుల్ లోడు నంబరే రోజూ ఉంచుకోండి, ఖాళీగా వచ్చేటప్పుడు ఎగిరితే ఓర్చుకుని వేగం తగ్గించండి. పాలకో, కూరగాయలకో, ఇంటి పనులకో తిరుగుతూ నెలలో రెండు మూడు సార్లే బరువు ఎత్తే బండి అయితే ఖాళీ నంబరు ఉంచుకుని, లోడుకు వెళ్లే ముందు పొద్దున పట్టించండి. రెండో రకం వాళ్లకు రెండు లెక్కల వల్ల వెనక టైర్లు మిగులుతాయి.

నైట్రోజన్ సంగతి అందరూ అడుగుతారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉత్త నైట్రోజన్ కొంచెం నెమ్మదిగా దిగుతుంది, తేమ ఉండదు, అంతవరకు మంచిదే. వేడికి మాత్రం అది కూడా మామూలు గాలి లాగే పెరుగుతుంది. డబ్బులిచ్చి నైట్రోజన్ పట్టించి మూడు నెలలు చూడకుండా ఉండేవాళ్ల కన్నా మామూలు గాలి పట్టించి వారానికోసారి చూసుకునేవాళ్ల టైర్లే బాగుంటాయి. ఆ డబ్బుతో ముందు సొంత గేజ్ కొనండి. షాపుల్లో నేల మీద పడి, ఎండకు ఎండి, వానకు తడిసిన మీటర్లు ఒక్కోటి ఒక్కో మాట చెప్తాయి. సొంతది ఉంటే కనీసం ప్రతిసారీ ఒకే కొలతతో చూస్తాం.

స్టెప్నీని కూడా అదే రోజు చూడండి. దాంట్లో వెనక టైరుకు చెప్పిన ఫుల్ లోడు నంబరు ఉండాలి. ముందుకు వేయాల్సి వస్తే అక్కడికక్కడే వాల్వ్ నొక్కి తగ్గించుకోవచ్చు. డిండి దాటి శ్రీశైలం అడవి దారిలో రాత్రి పూట వెనక టైరు పోతే గాలి పట్టించేవాళ్లు దొరకరు.