గోడకే మొక్కలా, గోడ ముందు మొక్కలా?

మా హాల్లో గోడంతా మొక్కలతో నింపే పచ్చగోడ పెట్టించినప్పుడు దాని ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. రెండేళ్లు దాటినా దాని గురించి అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఎంతయింది, మొక్కలు బతుకుతున్నాయా, మేమూ పెట్టించుకుందామా? ఆ గోడ ఇప్పుడు లేదని చాలామందికి తెలియదు. పోయిన నవంబరులో ఊడబీకించాను. దాని స్థానంలో ఇంకోటి వచ్చింది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే నయమనిపించింది.

ముందు నేను పోల్చేవేమిటో చెప్పాలి. ఒకటి, గోడకే బిగించే పచ్చగోడ. ఫెల్ట్ గుడ్డతో కుట్టిన సంచుల షీటు కావచ్చు, ప్లాస్టిక్ ప్యానెళ్లు కావచ్చు. రెండోది, గోడకు సున్నం వేయించి, దాని ముందు వెదురు పందిరి నిలబెట్టి, నేల మీది కుండీల్లోంచి తీగలు పాకించడం. మా ఇల్లు విశాఖ పెదవాల్తేరులో, రెండో అంతస్తు. కిటికీ తీస్తే సముద్రపు గాలి. నా లెక్కలన్నీ ఆ గాలికి లోబడినవే.

అందం విషయంలో మొదటిదానిదే పైచేయి, అందులో మొహమాటం లేదు. ఫెర్న్, సింగోనియం, స్పైడర్ ప్లాంట్, మనీప్లాంట్ ఒకదానిమీద ఒకటి పడి గోడంతా కమ్మేస్తే ఇంటికొచ్చిన వాళ్లు చెప్పులు విప్పడం మర్చిపోయి అటే చూసేవారు. రెండో పద్ధతిలో తీగ పైదాకా పాకడానికి ఏడాది పడుతుంది. ఓపిక లేనివాళ్లకి అది పెద్ద లోటే.

అయినా నన్ను అడిగితే ఇక్కడ తేల్చాల్సింది అందం కాదు, చెమ్మ. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండేవాళ్లు పెట్టే వీడియోలు చూసి మనం మోసపోయేది ఇక్కడే. వాళ్ల గాలి తడిని త్వరగా ఆరబెడుతుంది. విశాఖ గాలిలో ఏడాది పొడుగునా తేమే. మొక్కలు లేకపోయినా వానాకాలంలో పుట్టీ ఉబ్బి పెచ్చులూడే గోడలు మనవి. అలాంటి గోడకు మనమే తడిగుడ్డ కట్టి, రోజూ నీళ్లు పోస్తే?

నాకు పెట్టినతను గోడకూ షీటుకూ మధ్య పలుచని ప్లాస్టిక్ కాగితం ఒకటి అడ్డం పెట్టి, ఇక భయం లేదన్నాడు. నీరు లోపలికి పోదు, నిజమే. అయితే కాగితం వెనక పట్టిన చెమ్మ బయటికీ రాదు. స్క్రూలు దిగిన ప్రతి కన్నం దగ్గరా తడి ఊరింది. ఆ గోడకు అవతల మా అత్తయ్యగారి గది, సరిగ్గా అక్కడే ఆవిడ బీరువా. మొదటి వానాకాలం గడిచాక పట్టుచీరలు బూజు వాసన కొట్టాయి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. చీరలన్నీ తీసి, నీడపట్టున ఆరబెట్టుకుని, బీరువాని ఇంకో గోడకి జరిపించుకున్నారు. ఆ మౌనం నాకు బాగా తగిలింది.

షీటు విప్పినప్పుడు వెనక గోడంతా నల్లమచ్చలు. ఇనుప ఫ్రేము పట్టుకుంటే తుప్పు పొరలు పొరలుగా చేతికొచ్చింది. మేస్త్రి వేలితో గీకి చూసి, "గోడకి నీళ్లు తాగించి, రంగు నిలవమంటే ఎలా నిలుస్తాదమ్మా?" అన్నాడు. మొత్తం పందొమ్మిది వేలు పెట్టించిన దానికి ఆఖరి మాట అది.

తప్పంతా పద్ధతిది అనలేను. సరిగా పెట్టించుకునే దారి ఉంది. ఈ పచ్చగోడలకు ప్రపంచమంతా పేరు తెచ్చిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాంక్ పద్ధతిలో మట్టే ఉండదు. విడిగా లోహపు చట్రం, దాని మీద పీవీసీ పలక, ఆపైన ఫెల్ట్. చట్రానికీ గోడకూ మధ్య గాలి ఆడుతుంది. అదంతా కలిపి చదరపు మీటరుకు 30 కిలోల లోపే తూగుతుంది. మనకి ఇక్కడ పెట్టేది చాలావరకు దాని చౌక నకలు. సంచిలో తడిమట్టి కూరతారు కాబట్టి బరువు ఇంకా పెరుగుతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు గాలిబుడగలుండే తేలికపాటి సిమెంటు (ఏఏసీ) బ్లాకులవైతే మామూలు స్క్రూలు పట్టవు, వాటికి వేరే యాంకర్లు వాడాలి. సముద్రం దగ్గర స్టెయిన్‌లెస్ స్టీలు కూడా 304 రకమైతే మచ్చలు పడుతుంది, 316 రకమైతే ఉప్పుగాలికి మెరుగ్గా తట్టుకుంటుంది. ఇవికాక కారే నీళ్లకి ఒక గొట్టం, ఆ గొట్టానికి ఒక డ్రైనేజీ. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఇప్పుడే ప్లంబరుకి చెప్పి ఆ గొట్టం పెట్టించుకుంటే నాకేం అభ్యంతరం లేదు, నిక్షేపంగా పెట్టుకోండి. అద్దె ఇంట్లో మాత్రం వద్దు.

ఇంకోటి, సంక్రాంతికి ఊరెళ్లడం. సంచుల్లో ఉండేది పిడికెడు మట్టి. రోజు విడిచి రోజైనా నీళ్లు పడాల్సిందే. టైమరుతో నడిచే పంపు పెట్టుకోవచ్చు గానీ, అది మొరాయిస్తే మనం ఊళ్లో ఉండం. తాళం చెవి పక్కింటి వదినకిచ్చి వెళితే, పాపం ఆవిడ బకెట్‌తో పోసేసరికి కింద సోఫా తడిసింది. నేల మీది పెద్ద కుండీలో మనీప్లాంటు వారం పదిరోజులు నీళ్లు లేకపోయినా మాట్లాడదు.

ఇక ఇప్పుడున్నది. ముందు గోడని మూడు నెలలు ఖాళీగా ఆరనిచ్చాం. పాత ఎమల్షన్, పుట్టీ గీకించేసి సున్నం పూత వేయించాను. గీకించకుండా పైనే వేస్తే సున్నం పట్టదు, పొరలుగా లేచిపోతుంది. మన తాతలు కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి గానుగ సున్నం వాడింది ఊరికే కాదు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని క్షారగుణం వల్ల బూజు కూడా తొందరగా పట్టదు. ఆరే కొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని సున్నపురాయిలా గట్టిపడుతుంది. కొత్తల్లో ఆనుకుంటే బట్టలకి తెల్లగా అంటుతుందని మా పిల్లల ఫిర్యాదు, అది న్యాయమే. గీకించే ఓపిక లేనివాళ్లు ఖాదీ సంస్థ 2021లో తెచ్చిన ఆవుపేడ రంగు, ప్రాకృతిక్ పెయింట్ చూడొచ్చు. వాసన రాదంటారు. నేను వాడలేదు కాబట్టి అంతకు మించి చెప్పను.

గోడకి జానెడు ఎడంగా వెదురు పందిరి. వెదురుని బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టింది తీసుకోండి. లేకపోతే ఆరునెలల్లో పురుగు పట్టి కింద పిండి రాలుతుంది. మూడు కుండీల్లో మనీప్లాంటు, ఒకదాంట్లో ఫిలోడెండ్రాన్. మొక్కలు మనవైపు అమ్మేవాళ్లలో చాలామంది కడియం నర్సరీల నుంచే తెస్తారు. లారీ దిగిన మర్నాడే కొనకుండా వారం ఆగి, నిలదొక్కుకున్నవి ఏరుకోండి.

పందిరి పైన ఖాళీ చోట ఏటికొప్పాక పక్షులు నాలుగు తగిలించాను. అంకుడు కర్ర, లక్క, గింజలూ బెరళ్లతో తీసిన రంగులు. పర్యావరణానికి మేలు చేసే అలంకరణ అని ఆన్‌లైన్‌లో ఎక్కడెక్కడివో వెతుకుతాం గానీ, వరాహ నది ఒడ్డున మన పక్కనే తయారయ్యేది ఇది. ఎండ నేరుగా పడనివ్వకండి, వేడికి లక్క మెత్తబడుతుంది.

గాలి శుభ్రపడుతుందటగా అని అడిగేవాళ్లకి: ఆ మాటకి మూలమైన 1989 నాటి నాసా పరీక్ష మూసేసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో జరిగింది. 2019లో అలాంటి అధ్యయనాలన్నీ తిరగేసి చూస్తే, మామూలు ఇంట్లో గాలి ఆడటం వల్ల వచ్చే ఫలితానికి సమానం కావాలంటే చదరపు మీటరు నేలకి తక్కువలో తక్కువ పది మొక్కలు కావాలని తేలింది. వెయ్యిదాకా కూడా పట్టొచ్చట! కిటికీ తీసుకోండి. మొక్కలు కంటికి బాగుంటాయని పెట్టుకుంటే చాలు.

రెండిటికీ ఉన్న తలనొప్పి దోమలు. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లే డెంగీ దోమకి చాలు, గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి వారం పది రోజులే. నేను శుక్రవారం శుక్రవారం పళ్లేలు బోర్లిస్తాను. పచ్చగోడ కింది తొట్టిని అలా బోర్లించడం కుదరలేదు. పాకే పిల్లలో, పిల్లులో ఉన్న ఇంట్లో మనీప్లాంటు ఆకు నోటికి అందనివ్వకండి, నమిలితే నోరు మండి వాస్తుంది.

మిగతావి రెండు ముక్కల్లో. నాచు గోడ: ఉత్తర యూరప్ నుంచి వచ్చే ఆ నాచుని గ్లిజరిన్‌లో నిల్వచేస్తారు. అది బతికున్న మొక్క కాదు. మన తేమకి చెమర్చి రంగు దిగుతుంది, పగలూ రాత్రీ ఏసీ నడిచే ఆఫీసులకైతే సరే. జనపనార గుడ్డ, తాటాకు చాపలు: చవక, బాగుంటాయి, వానాకాలం ముందు దించి దులపాలి. ప్లాస్టిక్ ఆకుల గోడ గురించి అడగొద్దు.

పాత సంచుల షీటు పారేయలేదు. బాల్కనీ గ్రిల్‌కి కట్టి పుదీనా, వామాకు వేశాను. అక్కడ కింద నీళ్లు పోయే జాలీ ఉంది. మొన్న అత్తయ్యగారే అందులోంచి వామాకులు కోసి బజ్జీలు వేశారు.