‘యుద్ధకాలం నాటి ఒరిజినల్ స్టాక్’ అని అమ్ముతున్నారు, కొనేముందు ఇది చదవండి

రూగర్ 10/22 రైఫిల్‌ని రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యపు తేలికపాటి రైఫిల్ ఎం1 కార్బైన్‌లా తయారు చేసుకోవాలని చెక్క స్టాక్ (రైఫిల్ యంత్రాన్ని పట్టుకుని ఉండే చెక్క భాగం) కోసం వెతుకుతున్నవాళ్లకి ఈ హెచ్చరిక. ‘1943 నాటి ఒరిజినల్ వాల్‌నట్ స్టాక్, 10/22కి సరిపోయేలా లోపల చెక్కినది’ అనే ప్రకటన కనిపిస్తే డబ్బు కట్టకుండా ఆగండి. నాకు వచ్చింది యుద్ధకాలం నాటిది కాదు. వాల్‌నట్ కర్ర అసలే కాదు. పైగా దాంట్లో రైఫిల్ బిగిస్తే సేఫ్టీ, అంటే తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే బటన్, పూర్తిగా పడటం లేదు. డబ్బు పోతే పోయిందని ఊరుకోవచ్చు గానీ, సేఫ్టీ సంగతి తెలిసీ ఎవరికీ చెప్పకుండా ఉండలేను.

ఈ సరదా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ డాలస్ వైపు మన తెలుగువాళ్లలో వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాళ్లున్నారు, గరాజ్‌లో చెక్కపని చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ రెండూ కలిసే చోటు ఇది. రైఫిల్ లోపలి యంత్రం అలాగే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉండే స్టాక్‌ని మార్చి మరో పాత తుపాకీ రూపం తెస్తారు. దీనికి 10/22 అంత అనువైన రైఫిల్ ఇంకొకటి లేదు. 1964 నుంచి తయారవుతోంది, తూటాలు చవకైన .22 రకం, స్టాక్‌ని పట్టి ఉంచేది ప్రధానంగా ఒక్క స్క్రూ. దాన్ని విప్పి, బ్యారెల్ (తుపాకీ గొట్టం) మీది పట్టీ తీసేస్తే యంత్రం మొత్తం పైకి వచ్చేస్తుంది.

ఎం1 కార్బైన్ మీద మోజు ఎందుకంటే దాని కథ అలాంటిది. యుద్ధంలో అరవై లక్షలకు పైగా చేశారు. చేసినవాళ్లలో తుపాకీల కంపెనీలే కాదు, టైప్‌రైటర్లు చేసే అండర్‌వుడ్, ఐబీఎం, జ్యూక్‌బాక్సులు చేసే రాక్-ఓలా కూడా ఉన్నాయి. బేస్‌బాల్ బ్యాట్లు చేసే హిలరిచ్ అండ్ బ్రాడ్స్‌బీ వీటికి స్టాకులు చేసి ఇచ్చింది. అసలు కార్బైన్ ధర ఇప్పుడు వెయ్యి డాలర్లు దాటింది, దాని తూటాలూ ఖరీదే. అందుకే 10/22కి ఆ రూపం తొడిగి ముచ్చట తీర్చుకుంటారు.

ఇక జరిగింది చెబుతాను. అమ్మకందారుతో నాలుగు మాటలు మాట్లాడితే విషయం తెలిసినవాడే అనిపిస్తుంది. స్టాక్ వెనక భాగంలో, తుపాకీని భుజానికి తగిలించుకునే బెల్టు దూర్చే చీలిక ఫొటో అడిగాను. అసలు కార్బైన్‌లో అక్కడ చిన్న నూనె గొట్టం పెడతారు. బెల్టుని పట్టి ఉంచేది కూడా అదే. ఆ చీలిక పక్క గుంటలో, తయారీదారుని తెలిపే అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఫొటో పంపాడు, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. అమెరికా సైన్యంలో ఆయుధాలు చూసే ఆర్డ్‌నెన్స్ విభాగం వేసే, ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉన్న రెండు ఫిరంగుల ముద్ర అడిగాను, అదీ పంపాడు. లోపలి భాగం అడిగితే వీడియో తీసి పంపాడు. ఆ ఫొటోలు నిజమైన స్టాక్‌వే. నాకు పంపిన పెట్టెలో ఉన్నది మాత్రం వేరే స్టాక్. ఇదే అతని పద్ధతి. చూపించేది ఒకటి, ప్యాక్ చేసేది ఇంకొకటి.

పెట్టె తెరవగానే రంగు వాసన గుప్పుమంది. ఎనభై ఏళ్లనాటి చెక్కకి పాత లిన్‌సీడ్ (అవిసె గింజల) నూనె వాసన ఉండాలి గానీ కొత్త స్టెయిన్ (చెక్కకి పూసే రంగు) వాసన ఎలా వస్తుంది? బయటికి కనపడని లోపలి గాడిలో రంగుని కరిగించే అసిటోన్‌తో తడిపిన దూదితో రుద్దాను. ముదురు గోధుమరంగు మొత్తం దూదికి వచ్చేసి, కింద పాలిపోయిన చెక్క బయటపడింది. వాల్‌నట్ రంగు దాని ఒంట్లోనే ఉంటుంది, ఎంత గీకినా లోపల గోధుమరంగే. ఈ ఊళ్లో తుపాకీలు బాగుచేసే పెద్దాయన భూతద్దం పెట్టి చూసి బీచ్ అనే చెట్టు కర్ర అని తేల్చారు. చెక్క పొడవునా సన్నని మచ్చలు చల్లినట్టు కనిపిస్తాయట, అదే గుర్తు. బీచ్ చెడ్డ కర్ర కాదు. దాన్ని వాల్‌నట్ అని అమ్మడమే మోసం.

ఫిరంగుల ముద్ర చూస్తే ఇంకా కోపం వచ్చింది. పాత ముద్ర ఉక్కు అచ్చుతో కొట్టినది కాబట్టి చెక్క నార లోపలికి అణిగి ఉంటుంది. నాకు వచ్చిన దాని మీద ముద్ర అంచులు కాలి నల్లబడ్డాయి, లేజర్‌తో వేశారు. బెల్టు గుంటలో ఒక్క అక్షరం లేదు. అసలు కార్బైన్ స్టాక్‌లో యంత్రం వెనక రీకాయిల్ ప్లేట్ అనే ఇనుప ముక్క కూర్చునే చోటు, దాని స్క్రూ కోసం నిలువునా ఒక రంధ్రం ఉంటాయి. పాతదాన్ని నిజంగా 10/22కి మార్చి ఉంటే ఆ రంధ్రం పూడ్చిన జాడ కనపడాలి. అలాంటిదేమీ లేదు. మిషన్‌లో కొత్తగా కోసిన చెక్క అది.

సేఫ్టీ గురించి మాత్రం నిదానంగా చదవండి. 10/22 సేఫ్టీ ట్రిగ్గర్ గార్డ్ ముందు అడ్డంగా నొక్కే బటన్. ఎర్ర గీత కనపడితే పేలడానికి సిద్ధంగా ఉన్నట్టు, పూర్తిగా అవతలికి నొక్కేస్తే సేఫ్. ఆ బటన్ స్టాక్ చెక్కకి చాలా దగ్గరగా ఉంటుంది. స్టాక్ విప్పేటప్పుడు బటన్‌ని సరిగ్గా మధ్యలో పెట్టకపోతే చెక్కకి తగులుకుంటుందని ఈ రైఫిల్ ఉన్నవాళ్లందరికీ తెలుసు. నాకు వచ్చిన స్టాక్‌లో ఆ చోట చెక్క ఎక్కువగా మిగిల్చేశారు. స్క్రూ బిగించాక బటన్ సేఫ్ వైపు నొక్కితే సగంలో చెక్కకి తగిలి ఆగిపోతోంది. వేలికి ‘పడింది’ అనే అనిపిస్తుంది, పడదు. పక్కనే మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) కూర్చునే గాడి కూడా వంకర. మ్యాగజైన్ పట్టినట్టే ఉండి ఊడిపోతోంది. ఇదంతా ఖాళీ రైఫిల్‌తో ఇంట్లో చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. కొత్త స్టాక్ రాగానే బిగించి, పిల్లాణ్ణి వెంటబెట్టుకుని నేరుగా రేంజ్‌కి వెళ్లే తండ్రి పరిస్థితి ఏమిటి?

ఫోన్ చేస్తే ‘చెక్కపని వచ్చినవాడివే కదా, ఉలితో కాస్త గీసుకో’ అన్నాడు. వెనక్కి పంపుతానంటే మూడో వంతు కోసుకుని మిగతాది ఇస్తానన్నాడు. ఫొటోల్లోని స్టాక్ ఏదని అడిగాక జవాబు ఇవ్వడం మానేశాడు. మొదట్లో, తెలిసినవాళ్లకి డబ్బు పంపుకునే ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ పద్ధతిలో డబ్బు పంపితే ఇరవై డాలర్లు తగ్గిస్తానన్నాడు. ఆ పద్ధతిలో పంపిన డబ్బుకి కొనుగోలుదారుకి ఏ రక్షణా ఉండదు కాబట్టి నేను క్రెడిట్ కార్డుతోనే కట్టాను. ఒప్పుకున్న వస్తువు రాలేదని కార్డు వాళ్లకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి, ఆ బిల్లు పంపిన రోజు నుంచి 60 రోజుల గడువు ఉంటుంది. నాది విచారణలో ఉంది. పెట్టె తపాలాలో వచ్చింది కాబట్టి పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కి కూడా రాశాను.

నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. నిజంగా 1943 నాటి స్టాక్ చేతిలో ఉన్నవాడు దాన్ని 10/22 కోసం కోయకూడదు. దాన్ని అసలు కార్బైన్‌కే తిరిగి తొడగాలని ఎదురుచూసే సేకరణకర్తలు మంచి ధర పెట్టి కొంటారు. కాబట్టి ‘ఒరిజినల్‌ని మార్చాం’ అనే ప్రకటన అబద్ధమైనా అయి ఉండాలి, లేదా ఒక చారిత్రక వస్తువుని పాడుచేసినదైనా అయి ఉండాలి. రెండింటిలో దేనికీ మన డబ్బు వెళ్లకూడదు. కార్బైన్ రూపం కావాలంటే కొత్త చెక్కతో, కొత్తదని చెప్పి చేసిచ్చే పనివాళ్లున్నారు. అలాంటివాళ్లని మీ పేరు, ఆ రోజు తేదీ రాసిన కాగితం స్టాక్ పక్కన పెట్టి ఫొటో తీయమనండి. బరువు ఎంతో అడగండి. సేఫ్టీ బటన్ రెండు వైపులా పూర్తిగా కదలడం, బిగించిన రైఫిల్‌తో వీడియోలో చూపించమనండి. నిజాయతీగా పనిచేసేవాడికి ఇది రెండు నిమిషాల పని.

మనవాళ్ల కోసం ఇంకో మాట. స్టాక్ ఒక్కటీ ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ కాదు, అందుకే ఎవరికైనా ఇంటికి వచ్చేస్తుంది. రైఫిల్ విషయం అలా కాదు. హెచ్‌1బి లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకపోతే, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. స్నేహితుడిదే కదా అని ఇంట్లో ఉంచుకోవడమూ ప్రమాదమే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఆ నిషేధం లేదు. ముచ్చటపడి ఇలాంటి స్టాక్ హైదరాబాద్‌కో విజయవాడకో సూట్‌కేసులో పట్టుకెళ్లే ఆలోచన అసలే వద్దు. మన ఆయుధాల చట్టం తుపాకీ భాగాలను కూడా ఆయుధాలుగానే లెక్కిస్తుంది.

అవే ఫొటోలు మళ్లీ వేరే అమ్మకందారు పేరుతో కనిపిస్తున్నాయి, ఈసారి 1944 అని రాశాడు. గుర్తుపట్టడం తేలికే: ఆకుపచ్చ సైనిక దుప్పటి మీద స్టాక్, ఫిరంగుల ముద్ర కింద నిలువుగా చిన్న గాటు. ఇప్పటికే కొన్నవాళ్లు మీలో ఉంటే రైఫిల్‌ని ఖాళీ చేసి, మ్యాగజైన్ తీసేసి, చాంబర్ (పేలే ముందు తూటా ఉండే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసుకుని, స్టాక్ బిగించిన మీదట సేఫ్టీ బటన్ పూర్తిగా అవతలికి వెళ్తోందో లేదో చూడండి. కొంచెం అటూ ఇటూగా అనిపించినా సరే, వెంటనే పాత స్టాక్‌ని తిరిగి బిగించి, కొత్తదాన్ని గన్‌స్మిత్‌కి (తుపాకీలు బాగుచేసేవాళ్లకి) చూపించండి. ఫొటోలు, బిల్లు, చాటింగ్ అన్నీ దాచిపెట్టుకుని కింద రాయండి. ఫిర్యాదులు ఎన్ని ఎక్కువుంటే పోస్టల్ వాళ్లు అంత త్వరగా పట్టించుకుంటారని నా ఆశ.