మొదటి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి ముందు వర్చువల్‌బాక్స్‌తో ఆరు వారాలు

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా నియామక పత్రం చేతికి వచ్చేనాటికి, చేరవలసిన తేదీకి ఇంకా ఆరు వారాల గడువు ఉంది. అంతకు ముందు మూడేళ్లు డెస్క్‌టాప్ సపోర్టులో పనిచేసినందువల్ల లైనక్స్ ఆదేశాలు నాకు బొత్తిగా కొత్త కాదు. అయితే ఒకరి కంప్యూటర్ చెడితే ఆ ఒక్కరి పనే ఆగుతుంది, సర్వర్ పడిపోతే అందరి పనీ ఆగుతుంది. ఈ తేడా తలచుకున్నప్పుడల్లా గుండె దడదడలాడేది. నేర్చుకోవలసిన ఆదేశాల కంటే ముందుగా నాకు కావలసింది, ఎవరికీ నష్టం కలగకుండా సర్వర్లను పాడుచేసి, మళ్లీ బాగుచేసుకొనే ఒక చోటు. ఆ చోటుగా నేను వర్చువల్‌బాక్స్‌ను ఎంచుకున్నాను; ఒకే కంప్యూటర్ లోపల వర్చువల్ మెషీన్లనే మరికొన్ని కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ ఇది. అందులోని సౌకర్యాలన్నిటినీ ఏకరువు పెట్టకుండా, మొదటి ఉద్యోగానికి సిద్ధమయ్యే మనిషికి అది ఎంతవరకు పనికొస్తుందన్న ఒక్క విషయాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

వర్చువల్‌బాక్స్ 2007లో ఇన్నోటెక్ అనే సంస్థ నుంచి వెలువడింది. మరుసటి ఏడు సన్ మైక్రోసిస్టమ్స్ ఆ సంస్థను కొనుగోలు చేసింది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొనుగోలు చేయడంతో ఇది ఒరాకిల్ చేతికి వచ్చింది. ప్రధాన ప్యాకేజీ ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దానితోపాటు విడిగా దొరికే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం వేరే లైసెన్సు కింద ఉంటుంది. సొంత వాడకానికీ చదువుకూ ఉచితమే గాని, కార్యాలయంలో వాడాలంటే లైసెన్సు కొనాలి. ఈ సంగతిని ఇక్కడే చెప్పడానికి కారణం ఉంది. రేపు ఉద్యోగంలో చేరాక అలవాటుకొద్దీ ఆఫీసు యంత్రంలో దానిని వేసేస్తే, ఆ తప్పు మన మీదికే వస్తుంది. సాధనకు ప్రధాన ప్యాకేజీ చాలు, నాకు ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అవసరం ఒక్కసారి కూడా పడలేదు.

కంప్యూటర్‌కు 8 జీబీ మెమరీ ఉంటే రెండు మూడు చిన్న లైనక్స్ సర్వర్లు నడుస్తాయి. 16 జీబీ ఉంటే విండోస్ సర్వర్‌ను కూడా పక్కన పెట్టుకొని నిశ్చింతగా పని చేసుకోవచ్చు. గ్రాఫికల్ డెస్క్‌టాప్ లేకుండా వేసిన డెబియన్‌కు 1 జీబీ ఇస్తే సాధనకు సరిపోతుంది, పైగా ఉద్యోగంలో మనకు ఎదురయ్యే సర్వర్లలో చాలావాటికి డెస్క్‌టాప్ ఉండదు కనుక అలా వేసుకోవడమే మంచిది. బయోస్‌లో వర్చువలైజేషన్ మద్దతును ఆన్ చేసి ఉంచాలి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ సొంత వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ హైపర్-వీ కూడా పనిచేస్తూ ఉంటే వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి నడవవలసి వస్తుంది. అప్పుడు వర్చువల్ మెషీన్ కిటికీ అడుగున ఆకుపచ్చని తాబేలు బొమ్మ కనిపిస్తుంది, వేగం కూడా తగ్గుతుంది. యంత్రం నెమ్మదించిందని అనిపించినప్పుడు ముందుగా ఆ తాబేలు ఉందో లేదో చూడటం మేలు.

నేను మూడు సర్వర్లు పెట్టుకున్నాను. ఒకటి గేట్‌వేగానూ (బయటి నెట్‌వర్క్‌కు దారి) డీఎన్‌ఎస్‌గానూ (పేర్లను చిరునామాలుగా మార్చేది) పనిచేస్తుంది, రెండోది వెబ్‌సైటునూ డేటాబేస్‌నూ మోస్తుంది, మూడోది బ్యాకప్‌ల కోసం. ఇక్కడ నెట్‌వర్క్ అమరికను అర్థం చేసుకోవడానికే నాకు దాదాపు వారం పట్టింది. ఆ వారం వృథా కాలేదని గట్టిగా చెప్పగలను. ముందుగా అమర్చి ఉండే నాట్ (మన కంప్యూటర్ చిరునామా చాటున బయటికి వెళ్లనిచ్చే) పద్ధతిలో ప్రతి వర్చువల్ మెషీన్‌కూ 10.0.2.15 అనే చిరునామాయే వస్తుంది, ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో విడి నెట్‌వర్క్ ఉంటుంది. మూడింటికీ ఒకే చిరునామా కనిపించేసరికి కొత్తవాళ్లు కంగారు పడతారు, ఒకదాని నుంచి మరొకదానికి పింగ్ ఎందుకు వెళ్లడం లేదో అంతుపట్టదు. నేను గేట్‌వేకు రెండు నెట్‌వర్క్ కార్డులు ఇచ్చి, ఒకదానిని నాట్‌కు, మరొకదానిని వర్చువల్ మెషీన్ల మధ్య మాత్రమే ఉండే ఇంటర్నల్ నెట్‌వర్క్‌కు కలిపాను; మిగతా రెండు సర్వర్లనూ ఇంటర్నల్ నెట్‌వర్క్‌లోనే ఉంచాను. అవి బయటికి వెళ్లాలంటే నేను స్వయంగా రాసిన రూటింగ్, ఫైర్‌వాల్ నియమాల గుండానే వెళ్లాలి. డిఫాల్ట్ గేట్‌వే అంటే ఏమిటో పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా మనసుకు పట్టనిది, ఆ మూడు యంత్రాల మధ్య ప్యాకెట్ ఎక్కడ ఆగిపోతోందో, నెట్‌వర్క్ రాకపోకలను చూపించే టీసీపీడంప్‌తో చూస్తూ కూర్చున్న రెండు రాత్రుల్లో పట్టుబడింది.

క్లోన్ సౌకర్యం విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. సిద్ధం చేసుకున్న సర్వర్‌ను నిమిషాల్లో నకలు తీసుకోవచ్చు, అసలు డిస్క్‌నే ఆధారం చేసుకొనే లింక్డ్ క్లోన్ అయితే డిస్క్ స్థలం కూడా పెద్దగా పట్టదు. నెట్‌వర్క్ కార్డులకు కొత్త మ్యాక్ చిరునామాలు (కార్డు గుర్తింపు సంఖ్యలు) ఇవ్వాలన్న ఎంపికను మాత్రం క్లోన్ చేసేటప్పుడే మనం ఎంచుకోవాలి. అది ఎంచుకున్నా పని పూర్తికాదు. ఉబుంటు సర్వర్‌ను క్లోన్ చేసినప్పుడు మెషీన్ ఐడీ కూడా అదేగా వస్తుంది, దాని ఆధారంగానే, ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీకి తన గుర్తింపును చెప్పుకుంటుంది కాబట్టి మ్యాక్ చిరునామాలు వేరైనా రెండింటికీ ఒకే ఐపీ చిరునామా దక్కే ప్రమాదం ఉంది. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌లో సర్వర్‌ను గుర్తుపట్టే హోస్ట్ కీలు సైతం ఒకేలా ఉంటాయి. క్లోన్ చేసిన వెంటనే ఈ రెండింటినీ కొత్తగా పుట్టించడం అలవాటు చేసుకుంటే, నిజమైన సర్వర్లను టెంప్లేట్ల నుంచి తయారుచేసే రోజున ఆ అలవాటు అక్కరకు వస్తుంది.

ఇక వర్చువల్‌బాక్స్ ఇచ్చే అసలైన కానుక స్నాప్‌షాట్. మెషీన్ ఏ స్థితిలో ఉందో ఆ స్థితిని ఉన్నదున్నట్టు దాచిపెట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి వెళ్లనిస్తుంది. చెడగొట్టడానికి ధైర్యం ఇచ్చేది ఇదే. మొదటి రెండు వారాలూ నేను దీనిని వాడుకున్న తీరు మాత్రం సరైనది కాదు. ఏదైనా చెడిపోగానే స్నాప్‌షాట్‌కు వెళ్లిపోయేవాణ్ని, రెండు క్షణాల్లో సర్వర్ నవనవలాడుతూ లేచేది, ఎందుకు చెడిందో మాత్రం నాకు తెలిసేది కాదు. ఈ మాట విని, చాలా ఏళ్లుగా ఇదే వృత్తిలో ఉన్న నా పాత సహోద్యోగి ఒకావిడ, నేను అక్కా అని పిలిచే మనిషి, "అక్కడ నీకు ఆ బటన్ ఉంటుందని ఎవరు చెప్పారు? వెనక్కి వెళ్లే ముందు ఏం మారిందో కాగితం మీద రాయి, ఆ తర్వాతే వెళ్లు" అని మందలించింది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కనీసం ముప్పావు గంట చేత్తో బాగుచేయడానికి ప్రయత్నించాలి, కారణం నోటుపుస్తకంలో రాయాలి, ఆపైనే స్నాప్‌షాట్.

ఆ నియమం కింద నేర్చుకున్నవాటిలో ఒకటి వివరంగా చెబుతాను. డేటాబేస్ కోసం కొత్త డిస్క్ చేర్చి, దాని యూయూఐడీని (డిస్క్‌ను గుర్తించే పొడవాటి సంఖ్య) ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో, అంటే కలపాలో చెప్పే జాబితా) రాసేటప్పుడు ఒక అంకె తప్పు రాశాను. రీబూట్ చేస్తే ఆ డిస్క్ కోసం సిస్టమ్ ఒకటిన్నర నిమిషం ఎదురుచూసింది, ఆ తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి, రూట్ ఖాతా తాళం వేసి ఉన్నందున కన్సోల్ తెరవలేనని చెప్పి ఆగిపోయింది. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ గడిని ఖాళీగా వదిలేసి, నా ఖాతాకు సుడో (రూట్ అధికారంతో ఆదేశాలిచ్చే వీలు) తీసుకున్నాను. ఆ ఎంపిక ఫలితం ఇలా ఎదురవుతుందని నేను ఊహించలేదు. ఎంటర్ నొక్కితే మళ్లీ అదే సందేశం. చివరికి బూట్ మొదట్లో కనిపించే గ్రబ్ మెనూలో ఇంగ్లీషు 'e' అక్షరం నొక్కి, కర్నెల్ వరుస చివర ఇనిట్‌గా (మొదట నడిచే ప్రోగ్రామ్) ఆదేశాలు తీసుకొనే బ్యాష్‌ను చూపించి బూట్ చేశాను. రూట్ ఫైల్‌సిస్టమ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంది కాబట్టి దానిని రాయడానికి వీలుగా మళ్లీ మౌంట్ చేశాను. బీఎల్‌కేఐడీ ఆదేశం చూపించిన యూయూఐడీని ఒక్కొక్క అక్షరమే ఎఫ్‌స్టాబ్‌తో పోల్చి చూస్తే, 8 ఉండవలసిన చోట 3 ఉంది. ఒక్క అంకె! దానిని దిద్ది, ఆ వరుసకు నోఫెయిల్ (డిస్క్ దొరకకపోయినా బూట్ ఆగవద్దు) అనే మాట చేర్చి లేపితే సర్వర్ మామూలుగా లేచింది. ఇప్పుడు ఎఫ్‌స్టాబ్ మార్చిన ప్రతిసారీ రీబూట్ చేయకముందే అన్నిటినీ మౌంట్ చేసి చూసే ఆదేశం ఇవ్వకుండా నా చెయ్యి కదలదు.

ఇదే దారిలో మరికొన్ని సాధనలు చేశాను. ఎస్‌ఎస్‌హెచ్ అమరికలను మార్చేటప్పుడు రెండో సెషన్ తెరిచి ఉంచడం, మార్చిన ఫైల్‌ను పరీక్షించాకే సేవను తిరిగి మొదలుపెట్టడం, ఫైర్‌వాల్‌తో నన్ను నేనే బయటికి నెట్టేసుకొని కన్సోల్ నుంచి లోపలికి రావడం అందులో ఉన్నాయి. డిస్క్ నిండిపోయే సమస్యను కావాలనే కల్పించి చూడటం అన్నిటికంటే ఉపయోగపడింది. పెద్ద లాగ్ ఫైల్‌ను తొలగించాక కూడా డీఎఫ్ ఆదేశం డిస్క్ నిండే ఉందని చూపిస్తుంది, ఫైళ్ల పరిమాణాన్ని కూడి చెప్పే డీయూ మాత్రం వాడుక తక్కువేనని చెబుతుంది. తొలగించిన ఆ ఫైల్‌ను ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకొని ఉండటమే కారణం, దానిని తెరిచి ఉన్న ఫైళ్లను చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో పట్టుకోవాలి.

స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోకూడదు. కొత్త మార్పులన్నీ తేడా ఫైళ్లలో చేరుతూ, అసలు డిస్క్ ఫైల్ మీదే ఆధారపడి ఉంటాయి. ఆ ఫైలో, దాన్ని మోసే హార్డ్ డిస్కో పోతే స్నాప్‌షాట్‌లన్నీ దానితోపాటే పోతాయి. నాలుగో వారంలో నేను వెబ్ సర్వర్‌ను దాని స్నాప్‌షాట్‌లతో సహా పూర్తిగా తొలగించి, బ్యాకప్ సర్వర్‌లో ఉన్న కాపీలతోనే మళ్లీ నిలబెట్టాలని పూనుకున్నాను. మొదటిసారి రోజంతా పట్టింది, ఎందుకంటే డేటాబేస్ డంప్ (సమాచారపు నకలు) ఉంది గాని దానిని వాడే ఖాతాల అనుమతులు బ్యాకప్‌లో లేవు, వేళకు వాటంతటవే నడిచే క్రాన్ పనుల జాబితా అసలే లేదు. నాలుగోసారికి గంటన్నరలో పూర్తిచేయగలిగాను. ఈ ఆరు వారాల్లో దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలని ఎవరైనా అడిగితే నేను దీనినే చూపిస్తాను. మరొక సూచన: అవసరాన్నిబట్టి పెరిగే డైనమిక్ డిస్క్ ఫైల్, లోపల ఫైళ్లు తీసేసినంత మాత్రాన దానంతటదే చిన్నదికాదు కాబట్టి, పాత స్నాప్‌షాట్‌లను ఎప్పటికప్పుడు తీసేస్తూ సొంత కంప్యూటర్ డిస్క్‌పై కూడా ఓ కన్ను వేయాలి.

విండోస్ వైపు పని ఉంటుందని తెలిసినవాళ్లు విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్ కాపీని 180 రోజులు వాడుకోవచ్చు. సంస్థలోని ఖాతాలనూ కంప్యూటర్లనూ ఒకచోట నుంచి నిర్వహించే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌ను నిలబెట్టి, ఒక క్లయింట్‌ను అందులో చేర్చి చూస్తే, క్లయింట్ డీఎన్‌ఎస్, ఆ డొమైన్‌ను నడిపే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్ వైపు లేకపోతే ఏదీ సాగదన్న సంగతి మొదటి గంటలోనే తెలుస్తుంది. రెడ్ హ్యాట్ లైనక్స్ వాడే చోటికి వెళ్లేవాళ్లకు ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ చాలా దగ్గరగా ఉంటాయి.

వర్చువల్‌బాక్స్ నేర్పలేనివీ ఉన్నాయి. పాడైన డిస్క్‌ను ర్యాక్‌లోంచి తీసి మార్చడం, కేబుల్ ఏ స్విచ్చుకు వెళ్తోందో వెతకడం, పవర్ సప్లై పోయిన సర్వర్‌ను గుర్తించడం ఇందులో రావు. ఒక మార్పు చేసేముందు ఎవరి అనుమతి తీసుకోవాలి, ఎవరికి ముందుగా చెప్పాలి అన్నవీ రావు. ఉద్యోగంలో మన చేతికి వచ్చేది సాధారణంగా వీఎంవేర్, హైపర్-వీ, కేవీఎంలలో ఏదో ఒకటి. నెట్‌వర్క్, డిస్క్, క్లోన్‌ల గురించిన ఆలోచన మాత్రం అక్కడికీ మనతోపాటు వస్తుంది. ఖాళీ కంప్యూటర్ ఒకటి విడిగా ఉన్నవాళ్లు దానిపై వర్చువల్ మెషీన్లను నడిపే సర్వర్ వ్యవస్థ ప్రాక్స్‌మాక్స్ వేసుకుంటే ఉద్యోగపు వాతావరణానికి మరింత దగ్గరవుతారు. రోజూ వాడే ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నవాళ్లకు మాత్రం వర్చువల్‌బాక్స్‌నే సూచిస్తాను. ఆపిల్ ఎం శ్రేణి చిప్‌లున్న మ్యాక్‌లలో వర్చువల్‌బాక్స్ 7.1 నుంచి ఆర్మ్ సిస్టమ్‌లు మాత్రమే నడుస్తాయి, కాబట్టి అలాంటి మ్యాక్ ఉన్నవాళ్లు ముందే చూసుకోవాలి.

చివరి వారంలో అక్కను ఇంటికి పిలిచి, నేను లేనప్పుడు ఏదో ఒక సర్వర్‌ను చెడగొట్టమని అడిగాను. పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే వెబ్ సర్వర్‌లో పేర్లేవీ చిరునామాలుగా మారడం లేదు. డీఎన్‌ఎస్ చిరునామా ఉండే రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్‌లో ఎక్కడా లేని డీఎన్‌ఎస్ చిరునామా ఉంది. అంత తేలికగా దొరికిందేమిటని దానిని దిద్దబోతే, రూట్‌గా ఉన్నా ఫైల్ నన్ను రాయనివ్వలేదు. అనుమతులు చూశాను, సరిగానే ఉన్నాయి. డిస్క్‌లో ఖాళీ ఉంది, ఫైల్‌సిస్టమ్ రాయడానికి తెరిచే ఉంది. చెయ్యి స్నాప్‌షాట్ మెనూ వైపు వెళ్లింది, అక్క ఏమీ అనలేదు, నేనే వెనక్కి తీసుకున్నాను. ఇంకో ఇరవై నిమిషాలకు ఫైళ్ల ప్రత్యేక గుర్తులను చూపించే ఎల్‌ఎస్‌అట్టర్ ఆదేశం ఇచ్చి చూస్తే, ఫైల్ పేరు ముందున్న గీతల నడుమ చిన్నగా ఐ అనే అక్షరం కనిపించింది. ఫైల్‌ను మార్చకుండా బిగించే గుర్తు అది. దానిని తీసేసి, చిరునామా దిద్ది, పింగ్ ఇచ్చాను. జవాబు వచ్చాక నోటుపుస్తకం తెరిచి తేదీ వేసి, ఏం మారిందో రాశాను.