నాలుగేళ్ళ ప్యానెల్ వ్యూ: నన్ను తప్పుదారి పట్టించిన ఆ రెండు పేజీలు

బుధవారం అమెరికన్ కామిక్స్‌లో కొత్త ఇష్యూలు, అంటే సంచికలు, వచ్చే రోజు. నాలుగేళ్ళుగా నా బుధవారం రాత్రి ఒకేలా గడుస్తోంది. ఇంట్లో అందరూ పడుకున్నాక లైటు తీసేసి, ట్యాబ్ తెరిచి, ఆ వారం వచ్చినవి ప్యానెల్ వ్యూలో ఒక్కొక్క గడీ చదువుకుంటూ పోవడం. పేజీ మొత్తం కాకుండా, అందులోని ఒక్కో బొమ్మ చట్రాన్ని (గడీని) వరసగా తెర నిండా చూపించే యాప్ పద్ధతే ప్యానెల్ వ్యూ. ఏ సిరీస్ బాగుంది, ఏది తేలిపోయింది అన్నవి చాలామంది రాస్తూనే ఉన్నారు. నేను రాయాలనుకున్నది ఈ ప్యానెల్ వ్యూ గురించి. కొత్త కామిక్స్ మీద నా అభిప్రాయాల్లో సగం దీనివల్ల ఏర్పడినవే. వాటిలో ఒకటి పూర్తిగా తప్పని ఈ మధ్యే తేలింది.

ముందు దీన్ని ఎంత ప్రేమించానో చెప్పాలి. అమెరికన్ కామిక్ పేజీ ఎత్తే పది అంగుళాలు దాటుతుంది. ట్యాబ్‌కి చెప్పే పది అంగుళాలేమో మూల నుంచి మూలకి. అంటే పేజీ మొత్తం తెర మీద పడితే అక్షరాలు కుంచించుకుపోతాయి. నలభై దాటాక నా కళ్ళకి అవి అందడం మానేశాయి. ప్యానెల్ వ్యూ పెట్టగానే ప్రతి బుడగలోని మాటా తేటగా కనిపించింది. చీకట్లో వెనక నుంచి వెలిగే రంగులు ఒక ఎత్తయితే, అసలు సుఖం వేరే ఉంది. కాగితం మీద ఎడమ పేజీ చదువుతుంటే కుడి పేజీలో ఎవరు చచ్చిపోయారో కంటి చివర ముందే తగులుతుంది. అందుకే రచయితలు పెద్ద మలుపుని సరి సంఖ్య పేజీకి, అంటే పేజీ తిప్పితేనే కనబడే చోటికి, దాచిపెడతారు. ప్యానెల్ వ్యూలో ప్రతి గడీ ఒక పేజీ తిప్పినట్టే. వేలు తాకించేదాకా ఏమొస్తుందో తెలియదు. మొదటి ఏడాది కలిసిన ప్రతివాళ్ళకీ ఈ మాటే చెప్పాను. ఇక కాగితం కొననని కూడా అన్నాను.

పోయిన ఏడాది ఒక మినీ సిరీస్ మొదలైంది. ఆరు ఇష్యూలు. పేరు చెబితే కథ ముడి విప్పినట్టవుతుంది కాబట్టి చెప్పను. అక్కాచెల్లెళ్ళ కథ. చిన్నప్పుడు ఒక గోదాం తగలబడి తమ్ముడు లోపలే చనిపోయాడు. బయట గడియ ఎవరు పెట్టారన్నదే ముడి. మొదటి మూడు ఇష్యూలూ నాకు ఊపిరాడనివ్వలేదు. నాలుగోది వచ్చిన రాత్రి పన్నెండో పేజీ దగ్గరికొచ్చాను. చెల్లెలు అడుగుతుంది: "ఆ రాత్రి గడియ ఎవరు పెట్టారు?" తర్వాతి గడీలో అక్క ముఖం, మౌనం. ఆ తర్వాత గడియ మీద ఒక చెయ్యి, పైన గోధుమరంగు పెట్టెలో ఒకే ఒక్క మాట: "నేనే." మళ్ళీ అక్క ముఖం, ఈసారి కన్నీళ్ళతో.

ట్యాబ్ పక్కన పెట్టి చాలాసేపు చీకట్లోకి చూస్తూ పడుకున్నాను. అక్కే చేసింది. ఒప్పుకుంది. మూడు ఇష్యూలుగా తమ్ముడి చొక్కా దాచుకున్న మనిషి.

నెల తర్వాత ఐదో ఇష్యూ వచ్చింది. అందులో అక్క ఎక్కడా తప్పు చేసిన మనిషిలా లేదు. తమ్ముడి సమాధి దగ్గర కూర్చుని నాన్న మీద కోపంతో మాట్లాడుతోంది. చెల్లెలు ఆమె భుజం మీద తల పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. తమ్ముణ్ణి చంపినదాన్ని ఒక్క ఇష్యూలో ఇంత తేలిగ్గా క్షమించేస్తారా? రచయిత చేతులెత్తేశాడని, ముగింపు తొందరలో పాత్రల్ని గాలికి వదిలేశాడని స్నేహితుడికి పొడుగాటి మెసేజ్ పెట్టాను. అతను కాగితం మీద చదువుతాడు. "నువ్వే పుస్తకం గురించి మాట్లాడుతున్నావు?" అని అడిగి, పన్నెండూ పదమూడూ పేజీలు పరిచి ఫోటో తీసి పంపాడు.

అది డబుల్ పేజ్ స్ప్రెడ్. రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మ. మూడు వరసలు, ఒక్కో వరస ఎడమ అంచు నుంచి కుడి అంచుదాకా రెండు పేజీల మీదుగా సాగుతుంది. చదవాల్సిన తీరు తెలియజేయడానికి చిత్రకారుడు ఒక తాడు కూడా వేశాడు. చెల్లెలి వెనకున్న బట్టల తాడు నడిమి మడత దాటి, కుడి పేజీలో అక్క వెనక్కి వెళ్ళి కిటికీ మేకుకి కట్టి ఉంది. దాన్ని పట్టుకుని కన్ను దానంతటదే కుడికి పోతుంది. కుడి పేజీ మొదటి వరసలో అక్క అంటోంది: "నాన్న పోయేముందు నాతో ఒక్క మాటే అన్నాడు." ఆ గోధుమరంగు పెట్టె మొదటిసారి కనిపించేది అక్కడే, నాన్న మాటకి గుర్తుగా. రెండో వరసకి దిగితే గడియ మీద చెయ్యి. "నేనే."

నా ట్యాబ్‌లో ఆ రెండు పేజీలూ విడివిడి పేజీలుగా ఉన్నాయి. ప్యానెల్ వ్యూ ఎడమ పేజీలో ఆరు గడీలూ పైనుంచి కిందికి చూపించి, అప్పుడు కుడి పేజీకి వెళ్ళింది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఉండాల్సిన వాక్యం నాకు ఆరో గడీ దాటాక వచ్చింది. అప్పటికే అక్క నేరం నా మనసులో ఖాయమైపోయింది కాబట్టి, నాన్న మాట ఇంకేదో కొత్త విషయానికి మొదలనుకుని దాటేశాను. తాడు కూడా రెండు ముక్కలైంది. ఒక గడీలో ఎక్కడికో పోతున్న గీత, ఇంకో గడీలో ఎక్కడినుంచో వస్తున్న గీత. ఇంకో విషయం, గడియ మీది ఆ చేతి వెనక వెంట్రుకలున్నాయి. మగవాడి చెయ్యి. అంత పెద్దగా చూశాను, అయినా చూడలేదు.

నెలపాటు ఒక తప్పు కథని మోశాను. రాసినవాళ్ళనీ గీసినవాళ్ళనీ అనకూడని మాటలన్నాను. అందుకే నా కోపం ఇంకా చల్లారలేదు. యాప్ అప్పుడప్పుడూ ఆగిపోతే భరించొచ్చు. ఇది ఆగలేదు, చక్కగా పనిచేస్తూనే కథ మార్చేసింది. కామిక్స్ కళాకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ గురించి రాసిన పుస్తకంలో, రెండు గడీల మధ్య ఖాళీలో జరిగేదాన్ని చదివేవాడి బుర్రే పూరిస్తుందని వివరిస్తాడు. వరస మారితే బుర్ర ఊరుకోదు, తప్పు వరసకి తగ్గట్టు ఇంకో కథ అల్లేస్తుంది.

ఆ తర్వాత పాతవి తిరగేయడం మొదలుపెట్టాను. నేను మెచ్చుకున్నవాటిలో ఎన్నింటిని నిజంగా చూశానో తేల్చుకోవాలనిపించింది. పూర్తి పేజీలో చూస్తే ముందుగా తెలిసింది గడీల పరిమాణం. ప్యానెల్ వ్యూలో అన్నీ తెర నిండా ఒకే సైజు. చిత్రకారుడు పేజీ మూలలో గోరంత వేసిన గడీ గుసగుస లాంటిది. దాన్ని పెద్దది చేసి చూపిస్తే అరుపైపోతుంది. స్ప్లాష్, అంటే పేజీ నిండా వేసిన ఒకే బొమ్మ, అంతకుముందు గడీకంటే పెద్దగా అనిపించదు. ఫలానా కొత్త సిరీస్‌లో యుద్ధం చప్పగా ఉందని రాశాను ఒకప్పుడు. మళ్ళీ చూస్తే, ఐదు పేజీలు ఇరుకు గడీల్లో కుక్కి కుక్కి ఆరో పేజీలో ఒక్కసారిగా వదిలాడు. ఆ విడుదల నాకు అందనే లేదు.

అన్ని పుస్తకాలకీ ఇలా జరగదు. పేజీకి నాలుగైదు గడీలు తిన్నగా పేర్చిన మాటల కథలు, డిటెక్టివ్ కథలు ఇప్పటికీ ప్యానెల్ వ్యూలోనే నాకు బాగుంటాయి. తొమ్మిది గడీల చట్రం కూడా మామూలుగా బాగానే కుదురుతుంది. అక్కడా ఒక మెలిక ఉంది. ఆ చట్రంతోనే గీసిన, 1986లో మొదలైన 'వాచ్‌మెన్' కామిక్ ఐదో ఇష్యూ పేజీల అమరిక అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది, మొదటి పేజీకి చివరి పేజీ జోడీ, సరిగ్గా నడుమ స్ప్రెడ్. ఆ సంగతి ఎంతోమంది చెప్పగా విన్నాను. గడీ గడీగా చదివినప్పుడు దాని జాడ కూడా తగల్లేదు. ఫోన్ కోసమే నిలువుగా గీసిన కామిక్స్‌కి ఈ గొడవే లేదు, వాటికి పేజీయే ఉండదు కదా.

ఇప్పుడు పద్ధతి మార్చాను. కొత్త ఇష్యూ తెరవగానే ట్యాబ్ అడ్డంగా తిప్పి, రెండేసి పేజీలు పక్కపక్కన పెట్టి, అక్షరాలు చదవకుండా బొమ్మలు మాత్రం ఒకసారి చూసుకుంటూ పోతాను. కథ పేజీలు ఇరవై చిల్లరే కాబట్టి రెండు నిమిషాల పని. గీత ఏదైనా మడత దాటుతోందా, వరస అటు పోతోందా అని చూస్తాను. తర్వాతే ప్యానెల్ వ్యూ. దీంతో పేజీ తిప్పే ఆశ్చర్యం పోయింది. మొదటి ఏడాది నేను అంతగా పొగిడిందే అది. మెత్తగా మసక చేసి చూపించే ఏర్పాటు ఏదైనా ఉంటే బాగుండును, మలుపు తెలియకుండా వరస మాత్రం తెలిసేలా.

చూపు సరిగ్గా ఉండి, పగటి వెలుగులో చదివే తీరిక ఉన్నవాళ్ళు దీని జోలికి రాకపోయినా నష్టం లేదనిపిస్తుంది. నాకు ఆ రెండూ లేవు. రాత్రి పదకొండు తర్వాత లైటు వేయకుండా చదవాలి, కళ్ళజోడు పెట్టుకున్నా బుడగలో సన్నక్షరం అందదు. అందుకని వారంలో చదివేవాటిలో ఎక్కువ ఇంకా ట్యాబ్‌లోనే. రెండు పేజీల మీదుగా గీసే అలవాటున్న ఇద్దరు ముగ్గురు చిత్రకారుల పుస్తకాలు మాత్రం కాగితం మీద తీసుకుంటున్నాను. ఆ మినీ సిరీస్ ఆరో ఇష్యూ అలాగే చదివాను, ఆదివారం పొద్దున కిటికీ దగ్గర కూర్చుని, భూతద్దం పట్టుకుని. చివరి రెండు పేజీల్లో ఆ బట్టల తాడు మళ్ళీ వచ్చింది. ఈసారి దాని మీద తమ్ముడి చొక్కా ఆరేసి ఉంది, సరిగ్గా మడత మీద, ఒక చెయ్యి ఎడమ పేజీలో, ఒక చెయ్యి కుడి పేజీలో.