ఎక్మో మీద ఉండగా తల ఆపరేషన్: ఇప్పుడా, ఆగాకా?

2020లో బాలు గారి ఆరోగ్యం గురించి రోజూ వార్తలు వింటున్నప్పుడు ఎక్మో, అంటే ఒంటి బయట మిషన్‌తో రక్తానికి ఆక్సిజన్ పట్టించే పద్ధతి, అన్న మాట మన కోనసీమ ఇళ్లలో కూడా తెలిసిపోయింది. ఇప్పుడు రావులపాలెం హైవే మీద బండి గుద్దుకున్న కుర్రాడిని తెస్తే, ఇంటివాళ్లే అడుగుతున్నారు: "ఎక్మో పెట్టేస్తే బతికేస్తాడాండీ?"

ఛాతీ ఒక్కటే నలిగితే జవాబు కాస్త తేలిక. తలలో కూడా రక్తం గడ్డ ఉంటే అసలు టెన్షన్ అక్కడే. తొడ దగ్గరి పెద్ద సిర నుంచి గొట్టంలోకి నల్లగా వచ్చిన రక్తం, మిషన్‌లో ఆక్సిజన్ పట్టి ఎర్రగా మెడ సిరలోకి వెళ్తుంది. నిమిషానికి 4, 5 లీటర్లు. ప్లాస్టిక్ తగిలితే రక్తం గడ్డకడుతుంది కాబట్టి మామూలుగా హెపారిన్ ఇస్తారు. ఆ మందుతోనే తలలో రక్తస్రావం పెరగొచ్చు.

అలాగని వెంటిలేటర్‌తోనే సరిపెడదామా? దెబ్బతిన్న ఊపిరితిత్తులను కాపాడాలని గాలి తగ్గించి ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. దాంతో మెదడు రక్తనాళాలు ఉబ్బి పుర్రెలో ఒత్తిడి పెరుగుతుంది. బోర్లా పడుకోబెట్టినా అంతే. ఊపిరితిత్తులు బొత్తిగా చేతులెత్తేసినవాడికి నేను ఎక్మో వైపే ఉంటాను, హెపారిన్ లేకుండా. లోపల పూత ఉన్న గొట్టాలతో, రక్తం జోరుగా తిరుగుతుంటే, కొన్ని గంటలు, ఒక్కోసారి కొన్ని రోజులు కూడా అలా నడపొచ్చు. గంటగంటకీ టార్చి వేసి ఆక్సిజనేటర్‌లో, అంటే మిషన్‌లో ఆక్సిజన్ పట్టించే భాగంలో, నల్లటి మచ్చలు వెతుకుతాం. గడ్డలు ఎక్కువైతే దాన్ని మార్చేస్తాం. కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం ఒక్కసారిగా దించకూడదు, మెదడుకు రక్తం తగ్గిపోతుంది.

ఇక ఆపరేషన్. అదే టార్చి కంట్లో వేస్తే ఒక కంటిపాప పెద్దదై వెలుగుకు కదలకుండా ఉండి, స్కాన్‌లో గడ్డ మెదడును పక్కకు నెడుతుంటే, ఆగడం తప్పు. మిషన్ నడుస్తుండగానే పుర్రె తెరవాలి. రక్తస్రావం భయం నిజమే, కానీ ఆగితే ఆ మెదడు దక్కదు. చిన్న కమిలిన మచ్చలే అయితే కోయకుండా మళ్లీ స్కాన్ తీసి చూడటమే మేలు. వెంటిలేటర్‌తో ఇంకా నెట్టుకురాగలిగితే ముందు తల ఆపరేషన్, తర్వాత అవసరమైతే ఎక్మో.

అందుకే అమలాపురం నుంచి పంపేటప్పుడు ఎక్మో ఉందా అని మాత్రమే అడగొద్దండీ. న్యూరోసర్జన్ ఇప్పుడు ఉన్నారా, థియేటర్ ఖాళీయా అని ముందు అడగండి. రోగి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అదీ ఫోన్‌లోనే చెప్పేయండి.