పాత బజారు బతకాలంటే ఏది మేలు: చందానా, సర్కారు నిధులా, ఓటేసి వేసుకునే రుసుమా?

మొన్న పెళ్ళి ముహూర్తాల రోజుల్లో ఇచ్ఛాపురం నుంచి ఒక కుటుంబం బరంపురంలోని మా కొట్టుకొచ్చింది. పెళ్ళికూతురు, తల్లి, చేతికర్రతో అమ్మమ్మ. మన బరంపురం పట్టు కొనడమంటే మాటలా! గుడి గోపురాల్లాంటి కుంభం అంచు చూసుకోవాలి, జరీ తడిమి చూడాలి, నాలుగు మడతలు విప్పించాలి. రెండు గంటలు పడుతుంది. అరగంటకే అమ్మమ్మ కూతురి చెవిలో ఏదో చెప్పింది. "అక్కా, ఇక్కడ బాత్రూం ఎక్కడుంది?" అని ఆవిడ నన్నడిగింది. మా వీధిలో లేదు. విప్పిన చీరలు అలాగే వదిలేసి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. రాలేదు.

ఆన్‌లైన్ దెబ్బ, మాల్ దెబ్బ నిజమే. కానీ వచ్చిన గిరాకీని కూడా నిలబెట్టుకోలేకపోతున్నాం. అందుకే వీధిని బాగుచేస్తామని ఎవరు ఏ దారి చెప్పినా నేనొకటే అడుగుతున్నాను: బాత్రూం కడిగే మనిషికి ఒకటో తారీఖున జీతం ఎవరిస్తారు?

ముందుగా చందా. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. రెండేళ్ళకోసారి మా ఊరి అమ్మవారు బూఢీ ఠాకురాణి యాత్ర వచ్చిందంటే ఊరంతా ఒక్కటైపోతుంది. నేతగాళ్ళు, వర్తకులు, తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, ఎవరి పని వాళ్ళు అడక్కుండానే అందుకుంటారు. పండగ పనికి చందాను మించింది లేదు. నెలనెలా చెయ్యాల్సిన పని దగ్గరే అది చతికిలబడుతుంది. నాలుగేళ్ళ కిందట మా వీధి వాళ్ళం షాపుకి రెండొందలు వేసుకుని దీపాలు పెట్టించాం. ఇవ్వనివాడి గుమ్మం ముందు కూడా వెలుగు పడింది. అది చూసి మూడో నెలకి ఇంకో పది మంది మానేశారు. ఏడాది తిరిగేసరికి కరెంటు బిల్లు కట్టే దిక్కులేక దీపాలు ఆరిపోయాయి. ఏడింటికే షట్టర్లు దించేస్తున్నారు.

సర్కారు నిధులకు వేరే జబ్బు. అవి కడతాయి, నడపవు. మా వీధిలో టైల్స్ వేసిన కొన్నాళ్ళకే పైపుల కోసం తవ్వి పోశారు. ఇది మన దగ్గరే అనుకోవద్దు. ఇంగ్లండులో దుకాణాల వ్యాపార నిపుణురాలు మేరీ పోర్టాస్ 2011 డిసెంబరులో పాత బజార్ల మీద నివేదిక ఇస్తే, 2012లో ముందుగా 12 ఊళ్ళను ఎంచి మొత్తం 12 లక్షల పౌండ్లు పంచారు. వర్తకులు, కౌన్సిలు, ఊరి జనం ఒక జట్టుగా కూర్చోవాలన్నది అందులో మంచి మాట. కానీ ఒక్కసారి ఇచ్చిన డబ్బుతో మూతపడ్డ షాపులు చాలాచోట్ల తెరుచుకోలేదు.

మూడోది, ఓటేసి వేసుకునే రుసుము, కెనడాలో పుట్టింది. టొరంటోలో కొత్త మెట్రో, మాల్స్ వచ్చి బ్లూర్ వెస్ట్ విలేజ్ వీధిలో గిరాకీ పడిపోయింది. వర్తకులు 1970లో తమ మీద తామే రుసుము వేసుకున్నారు. నగరపాలక సంస్థ దాన్ని పన్నుతోపాటు వసూలు చేసి ఆ వీధి సంఘానికే ఇస్తుంది. ఎగ్గొట్టడం కుదరదు. ఇంగ్లండులోనూ ఇలాంటిదే ఉంది. అక్కడి ఓటు పద్ధతి నాకు బాగా నచ్చింది. ఓటేసినవాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకోవాలి, ఓటేసిన దుకాణాల మొత్తం పన్ను విలువలో ఒప్పుకున్నవాళ్ళ వాటా కూడా సగానికి మించాలి. అంటే పెద్ద షోరూమువాళ్ళు చిన్నవాళ్ళ నెత్తిన రుద్దలేరు, చిన్నవాళ్ళంతా కలిసి పెద్దవాళ్ళని పిండలేరు. గడువు అయిదేళ్ళే, ఆ తర్వాత మళ్ళీ ఓటు.

లోటు లేకపోలేదు. షట్టరు లేనివాడికి అందులో ఓటు లేదు. మా వీధికి జనాన్ని తెచ్చేది మేం ఒక్కళ్ళమేనా? అప్పడాలు, పచ్చళ్ళు అమ్మేవాళ్ళు, పూలబుట్టలు, తోపుడుబళ్ళు లేకపోతే మా గుమ్మం ముందు ఎవరు ఆగుతారు? 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ కమిటీలో కనీసం నలభై శాతం మంది వాళ్ళే ఉండాలి, ఆ నలభైలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. వీధి బాగు గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళని బయట నిలబెట్టడం అన్యాయం.

నా ఓటు మూడోదానికే, ఈ సవరణతో. మన దగ్గర ఇలాంటి రుసుముకి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, మూడేళ్ళకి స్టాంపు కాగితం మీద రాసుకుందాం. మా వీధిలో షట్టర్లు అరవై దాకా ఉన్నాయి. సగటున మూడొందలు చొప్పున నెలకి పద్ధెనిమిది వేలు. షట్టరు వెడల్పును బట్టి కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. బళ్ళవాళ్ళు రోజుకి రెండు రూపాయలిచ్చినా చాలు, కానీ కమిటీలో కుర్చీ ఉండాలి. స్థలం, నీళ్ళు మునిసిపాలిటీని అడుగుదాం. కడిగే మనిషి జీతం, రాత్రి దీపాల బిల్లు మనవి. పెద్దవాళ్ళు కూర్చోడానికి రెండు బల్లలు కూడా.

కాగితం రాయడం అయింది. అద్దె షాపుల వాటా యజమాని కట్టాలా, అద్దెకున్నవాళ్ళు కట్టాలా అన్న దగ్గర ఆగాం. చెరి సగమన్నాను నేను. మా యజమాని సరేనన్నారు, పక్క షాపు ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు.