టోనీ వచ్చిందని బ్రాడ్‌వే టికెట్ కొనేముందు

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో బోర్డు మీద, అక్కడి బ్రాడ్‌వే పెద్ద థియేటర్ల నాటకాలకిచ్చే టోనీ అవార్డు పేరు చూసి టికెట్ కొనే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. అవార్డు నమ్మదగ్గదే. కానీ అది ఏ ఏడు, ఏ విభాగంలో వచ్చిందో చూసుకోకపోతే ఖరీదైన టికెట్ మీద నిరాశ తప్పదు.

1947లో అమెరికన్ థియేటర్ వింగ్ మొదలుపెట్టిన ఈ అవార్డుల పరిధి చాలా చిన్నది. కనీసం 500 సీట్లున్న బ్రాడ్‌వే థియేటర్లు న్యూయార్క్‌లో 41 ఉన్నాయి. వాటిలో ఆ సీజన్‌లో కొత్తగా మొదలైన ప్రదర్శనలకే పోటీ. అంతకన్నా చిన్న హాల్లో ఎంత గొప్ప నాటకం ఆడినా లెక్కలోకి రాదు.

ఒక విభాగంలో ఓటు వేయాలంటే అందులో నామినేట్ అయిన ప్రదర్శనలన్నీ చూసి ఉండాలి. ఇది గట్టి నియమం. అయితే మన నాటక పరిషత్తు పోటీల్లోలాగా న్యాయనిర్ణేతలంతా ఒకే ప్రదర్శన కూర్చుని చూడరు. వందల మంది ఓటర్లు వేర్వేరు రోజుల్లో చూస్తారు. పైగా ఓటర్లలో నిర్మాతలూ, టూర్ షోలను తమ ఊళ్ళకు తెప్పించుకునేవాళ్ళూ ఉంటారు. బయట ఊళ్ళలో టికెట్లు తెగే మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) వైపు వాళ్ళ మొగ్గు ఉండటం సహజం. అందుకే ఉత్తమ మ్యూజికల్ అన్న ఒక్క ముక్క చూసి ఆగకండి. దర్శకత్వం, సెట్, లైటింగ్, దుస్తులు ఎవరికి దక్కాయో చూడండి. ఈ అవార్డులు పాతబడవు.

ద లయన్ కింగ్ మ్యూజికల్‌నే తీసుకోండి. 1998లో దానికి ఆరు టోనీలు వచ్చాయి, నటనకు ఒక్కటీ లేదు. జూలీ టేమర్‌కు దర్శకత్వం, దుస్తులు రెండింటికీ వచ్చాయి. అప్పటి నటులు వెళ్ళిపోయినా, మనిషి ముఖం కనబడుతూనే తల మీద సింహం కనబడేలా ఆమె అమర్చిన మాస్కులు ఇవాళ్టికీ స్టేజీ మీదే ఉన్నాయి. అవార్డు దేనికిచ్చారో అదే మీ కళ్ళెదుట ఉంటుంది.

సౌండ్ డిజైన్ విషయంలో మాత్రం టోనీ వాళ్ళు ఘోరమైన తప్పు చేశారు. 2014లో ఆ విభాగాన్నే తీసేశారు. 2018 వేడుకకు గానీ తిరిగి రాలేదు. బాల్కనీ చివరి వరుసలో పాట మాట మాటగా వినబడుతోందంటే ఆ పనితనం ఎంతటిదో నాటకం వేసేవాళ్ళందరికీ తెలుసు!

నటన అవార్డుల్లో ఒక మెలిక ఉంది. మామూలుగా పోస్టర్ మీద నాటకం పేరుకు పైన పేరు పడ్డవాళ్ళు లీడ్ (ప్రధాన పాత్ర), కింద పడ్డవాళ్ళు ఫీచర్డ్ (సహాయ పాత్ర). కమిటీ కావాలనుకుంటే మార్చొచ్చు. కాబట్టి ఫీచర్డ్ అంటే చిన్న పాత్ర అనుకోకండి. అవార్డులు జూన్‌లో ఇస్తారు. పెద్ద తారల ఒప్పందాలు తరచు కొద్ది వారాలవే గనక మీరు వెళ్ళేసరికి వాళ్ళు ఉండకపోవచ్చు. అవార్డు వచ్చిన నటుడు ఏ తేదీ వరకు ఆడతాడో చూసుకున్నాకే కొనండి.

హాల్లోకి వెళ్ళగానే ప్లేబిల్ (నటీనటుల వివరాలతో ప్రేక్షకులకిచ్చే చిన్న పుస్తకం) తెరవండి. ఈరోజు ఫలానా పాత్ర వేరొకరు వేస్తున్నారని చెప్పే చిన్న కాగితం అందులో ఉందేమో చూడండి. నాటకం పేరుకు పైన పేరున్న తార రాకపోతే సాధారణంగా డబ్బు వాపసో, ఇంకో రోజు టికెట్టో ఇస్తారు. తెర లేవకముందే బాక్సాఫీసు కిటికీ దగ్గర అడగాలి.